దుగ్గిరాల పసుపు, తెల్ల గట్టు

ఇక్కడ ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో మావాడి స్కూల్లో లంచ్‌కి అప్పుడప్పుడు కాటేజ్ పై పెడతారు, ఖైమా మీద ఆలుగడ్డ మ్యాష్ పరిచి ఓవెన్‌లో కాల్చే వంటకం. అందులో బీఫ్ కాబట్టి వీడు తినడు, పక్కనోడి ప్లేట్ చూస్తూ కూర్చుంటాడట. ఆ ముక్క వెళ్లి నానమ్మతో చెప్పాడు, ఆవిడ "పిల్లాడు పక్కవాళ్ల కంచంలోకి చూడ్డమేంట్రా, నువ్వు చేసి పెట్టలేవా" అంది, అంతే, శనివారం పొద్దున్నే నేను వంటింట్లో. మా ఆవిడ షిఫ్ట్‌లో ఉంది, ఆపేవాళ్లు లేరు. మటన్ ఖైమా, ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, క్యారెట్, బఠాణీ, రెండు స్పూన్లు కర్రీ పౌడర్, చివర్లో కాస్త వూస్టర్ సాస్. మధ్యలో మావాడొచ్చి "మటన్ అయితే షెపర్డ్స్ పై అంటారు నాన్నా" అని ఒక మాట పడేసి పోయాడు. ఖైమా బాగానే కుదిరింది, దాని గోల వదిలేద్దాం.

అసలు తంటా పైన పరిచే ఆలుగడ్డ మ్యాష్‌తో. ఫోర్కుతో గీతలు గీసి 200 డిగ్రీల్లో ఓ అరగంట పెడితే ఆ గీతల అంచులు బంగారం రంగుకి రావాలి. మా ఓవెన్‌లో రావు, పైనుంచి వేడిచ్చే ఎలిమెంట్ దీపావళికి ముందే కాలిపోయింది. ఓనరు తరఫున ఇల్లు అద్దెకిచ్చిన లెట్టింగ్ ఏజెన్సీకి మెయిల్ పెడితే మీ సమస్య మాకెంతో ముఖ్యం అని ఆటోమేటిక్ రిప్లై, మళ్లీ పెడితే అదే రిప్లై, కాకపోతే టికెట్ నంబరు కొత్తది. అదే వాళ్లు ఇల్లు చూడ్డానికి రావాలంటే మాత్రం చట్టప్రకారం 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి సరిగ్గా 24 గంటల ముందు దిగుతుంది మెయిల్. శుక్రవారం కూడా అలాగే దిగింది, రేపు ఎప్పుడైనా వస్తాం అని. ఎప్పుడైనా అంటే సాయంత్రంలే అనుకున్నా.

సరే, రంగు ఓవెన్ ఇవ్వదు కదా, మ్యాష్‌లో చిటికెడు పసుపేస్తే పోలా అనిపించింది. పసుపంటే ఇక్కడ షాపుల్లో దొరికే బుల్లి సీసా కాదు, అమ్మ తెనాలి నుంచి మోసుకొచ్చిన దుగ్గిరాల పసుపు, కిలో. దాని ప్యాకింగ్ గురించి చెప్పాలి. కవర్లో కవరు, దానిలో ఇంకో కవరు, చుట్టూ బ్రౌన్ టేపు, టేపు మీద పాత చీరముక్క, చీరముక్క మీద మళ్లీ టేపు. హీత్రూలో ఎవరైనా ఆపి ఉంటే విప్పలేక వాళ్లే దణ్ణం పెట్టి పంపేసి ఉంటారు. కత్తెరతో ఓ మూల కోసి, రాకపోతే పళ్లతో పట్టి లాగా. టప్‌మంది. కళ్లు తెరిచేసరికి ఓనరుగారి తెల్లటి వంటగట్టు శ్రావణ శుక్రవారం గడపలా ఉంది.

పొడిగా ఉన్నప్పుడు ఎత్తేసి ఉంటే పోయేది. తడిగుడ్డ పెట్టి తుడిచా, చక్కగా పట్టేసింది. ఎండ తగిలితే పోతుంది అంది అమ్మ, బట్టలకైతే నిజమే, గట్టు పీకి ఎండబెట్టలేం, పైగా ఇక్కడ ఎండేది. ఫోన్‌లో ఓ తెల్లావిడ నవ్వుకుంటూ బేకింగ్ సోడా పేస్ట్ రాయండి, మ్యాజిక్ చూడండి అంటోంది. రాశా. మ్యాజిక్ జరిగింది. గట్టంతా ఎర్రగా అయిపోయింది.

"ఎవరి పెళ్లిరా, పారాణి కలిపావు?" అంది అమ్మ.

పసుపులో సున్నం పడితే ఎరుపు, సోడా పడినా అంతే, క్షారం ఏదైతేనేం. హారతినీళ్లు చూస్తూ పెరిగినోణ్ణి, పైగా బీఎస్సీ కెమిస్ట్రీ, ఆ డిగ్రీ సర్టిఫికెట్ వీసాకి కూడా పెట్టా.

సరిగ్గా అప్పుడే బెల్లు. ట్యాబ్ పట్టుకుని, బూట్లకి నీలం కవర్లు తొడుక్కుని, మూతి మీద మీసం ఇంకా సరిగ్గా రాని ఏజెన్సీ కుర్రాడు. వంటింట్లోకి వచ్చి గట్టు చూశాడు, నన్ను చూశాడు, నా చేతిలో కత్తెర చూశాడు. ఫుడ్, ఫుడ్ అన్నా. ఈలోగా మా అమ్మ, ఎర్రనీళ్లు ఊరికే పారబొయ్యడం ఎందుకని గుడ్డ పళ్లెంలోకి పిండి, మావాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఓనరు దిష్టి" అని మొదలెట్టింది. ఓనరు దిష్టి దగ్గర ఆ కుర్రాడి వైపు చూసింది. పాపం వాడు ట్యాబ్ గుండెకి హత్తుకుని ఒక అడుగు వెనక్కేశాడు. అమ్మ దాన్ని వినయం అనుకుని "ఈ పిల్లాడూ చిక్కిపోయి ఉన్నాడు" అంటూ వాడి చుట్టూ కూడా మూడుసార్లు తిప్పింది. వాడు కదల్లేదు. బహుశా ట్రైనింగ్‌లో ఇది చెప్పి ఉండరు. తర్వాత ఆ పళ్లెం ఎవరూ తొక్కని చోట పొయ్యాలి కదా, బయటంతా కామన్ కారిడార్, లేత గోధుమరంగు కార్పెట్. నేను పరిగెత్తి పళ్లెం లాక్కుని సింకులో పోశా, సింకు కూడా తెల్లదే.

ఆ కంగారులో గట్టు మీద నిమ్మకాయ పిండేశా. బుసబుసా పొంగి ఎరుపంతా మళ్లీ పసుపైంది. వాడు ముందొక ఫోటో, తర్వాతొక ఫోటో తీశాడు.

సోమవారం రిపోర్ట్ వచ్చింది. గట్టు మీద ఎర్ర మరక ఒక ఐటెం, పసుపు మరక ఇంకో ఐటెం, రెండూ ఒకటేనయ్యా అంటే ఫోటోలు ఉన్నాయి అంటారు. మా డిపాజిట్ ఐదు వారాల అద్దె, చట్టం అంతకుమించి తీసుకోవద్దంది కాబట్టి పైసా తక్కువ కాకుండా అంతే తీసుకున్నారు, ఇప్పుడు దాని మీద కన్నేశారు. కింద ఓవెన్ అనే కాలమ్. గుడ్ వర్కింగ్ ఆర్డర్ అట. సాక్ష్యంగా ఫోటో కూడా పెట్టారు, అందులో నా షెపర్డ్స్ పై, మ్యాష్‌లో అసలు పసుపు వెయ్యనే లేదు, సున్నం కొట్టినట్టు తెల్లగా, అంచుల్లోంచి ఖైమా మాడుతూ కనిపిస్తోంది. లోపల లైటు మాత్రం వెలుగుతోంది.