మంచం పొంగింది

మా అమ్మ తెనాలి నుంచి బెంగళూరు వచ్చిన రెండో రోజే మా ఇంటి ఇడ్లీ మీద తీర్పు చెప్పేసింది. "ఇది ఇడ్లీ కాదే, పేపర్ వెయిట్."

తప్పు నాది కాదు. ఈ ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. డిసెంబర్ రాత్రుళ్లు 15, 16 డిగ్రీలకు దిగిపోతుంది. పిండి బాగా పొంగాలంటే 30 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి. ఇదంతా చెబితే, "మాకు మీటర్లు తెలీవమ్మా, పిండి తెలుసు" అంది.

శనివారం సాయంత్రం తనే రంగంలోకి దిగింది. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. రుబ్బిన పిండి చుక్క నీళ్లలో వేసి, అది తేలేదాకా గ్రైండర్ ఆపనివ్వలేదు. తర్వాత మోచేతి దాకా ముంచి కలిపింది. "గరిటెతో కలిపితే పిండికి మనిషి వేడి ఎలా తగులుతుందే?" ఇది మా అమ్మమ్మ మాట. గిన్నెకి రెండు వేళ్లే ఖాళీ వదిలింది. పొర్లుతుందేమో అన్నాను. "ఈ ఊళ్లో పిండి పొర్లడం కూడానా!"

ఆ తర్వాతి పనులన్నీ ఒకరికి తెలియకుండా ఒకరం చేసినవే.

అమ్మ పరువు పోకూడదని నేను పక్కింట్లో పుల్లటి పిండి గరిటెడు అడిగి తెచ్చి అందులో కలిపేశాను. అనుమానంగా ఉంటే తోడు వెయ్యమని నేర్పింది అమ్మే.

పదిన్నరకి అమ్మ గిన్నెని రగ్గులో చుట్టి తన మంచం మీద కాళ్ల దగ్గర పెట్టుకుంది. చంటిపిల్లకి ఎంత వెచ్చన కావాలో పిండికీ అంతేనట. ఇదీ అమ్మమ్మ మాటే.

పన్నెండింటికి మా అమ్మాయి మంచినీళ్లకి లేచింది. చలికి మా అమ్మ కాళ్లు లాగుతాయి, కాస్త కనిపెట్టుకుని ఉండమని నేను రోజూ చెప్పే మాట సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది దానికి. వేడినీళ్ల బ్యాగ్ నింపి తెచ్చి, చీకట్లో తడిమి, రగ్గులో తగిలినవి కాళ్లే అనుకుని, బ్యాగ్ ఆనించి, పైన ఇంకో దుప్పటి కప్పి, ప్రేమగా నిమిరి మరీ వెళ్లింది. గిన్నెని.

(పదమూడేళ్ల పిల్ల చెప్పిన మాట విన్న రాత్రి అదొక్కటే. ఇంక తిట్టడానికి నోరెలా వస్తుంది?)

అయిదింటికి కేక. "లేవండే, ఇల్లు కారుతోంది!"

లైటు వేస్తే అమ్మ మంచం మధ్యలో కూర్చుని ఉంది. మోకాళ్ల దాకా తెల్లటి సాక్సులు తొడుక్కున్నట్టుంది. గిన్నె మూత దిండు దగ్గర తేలింది. రగ్గు మడతల్లోంచి పిండి బుడగలు వేస్తూ ఇంకా వస్తూనే ఉంది. మా ఆయన గుమ్మం దాకా వచ్చి, చూసి, ఏమీ అడక్కుండా వెళ్లి పడుకున్నాడు.

విచారణలో ముగ్గురం నేరం ఒప్పుకున్నాం. రగ్గు పోయినందుకు అమ్మ బాధపడలేదు. "నా పిండికి తోడు వేశావుటే!" అని మాత్రం రెండుసార్లు అంది.

మిగిలిన పిండితో ఇడ్లీ వేస్తే దూదే. తింటూ అమ్మ తెనాలికి వీడియో కాల్ చేసింది. ఎనభై ఎనిమిదేళ్ల అమ్మమ్మ కథంతా విని, "మరి ఉప్పు వేశావా?" అంది.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎవరూ పైకి అనలేదు గానీ, అల్లం పచ్చడి గిన్నె అప్పటికే ఖాళీ.