బ్యాటరీకి ఉన్న లెక్క ఫోను తెరకు ఎందుకు లేదు?

ఫోను తెర నిండా లేత బూడిద రంగు బొమ్మ ఒకటి తెరిచి, గదిలో దీపాలు ఆర్పి, ఒక్క నిమిషం నిదానంగా చూడండి. రెండు మూడేళ్లుగా వాడుతున్న ఓఎల్‌ఈడీ ఫోను అయితే పై అంచున గడియారం అంకెలు ఉండే చోట సన్నని చారలు, కింద కీబోర్డు వచ్చే చోట మిగతా తెరతో కలవని పలచని పట్టీ కనిపించవచ్చు. ఏ యాప్ తెరిచినా ఆ పట్టీ కదలదు. నా పాత ఫోనులో దాన్ని మొదటిసారి చూసినప్పుడు మురికి అనుకుని గుడ్డతో తుడిచాను. పోలేదు. స్క్రీన్‌షాట్ తీసి కంప్యూటర్‌లో చూస్తే అందులో పట్టీ లేదు. అంటే లోపం బొమ్మలో లేదు, తెరలోనే ఉంది.

దీన్ని బర్న్-ఇన్ అంటారు. పేరు వింటే తెర కాలిపోయిందేమో అనిపిస్తుంది గాని నిజానికి ఇక్కడ ఏదీ కాలదు. ఆ మాట పిక్చర్ ట్యూబుల కాలం నాటిది. ఆ తెరల లోపలి వైపు పూసిన ఫాస్ఫర్ పూతను ఎలక్ట్రాన్ల ధార నెలల తరబడి ఒకే చోట తాకుతూ ఉంటే, ఆ పూత వెలిగే శక్తిని కోల్పోయేది. ప్యాక్‌మాన్ ఆట యంత్రాల్లో ఆ చిక్కుదారి గీతలు యంత్రం కట్టేశాక కూడా తెర మీద కనిపించేవి. అందుకే 1983లో జాన్ సోచా అనే ప్రోగ్రామర్ ఒక చిన్న ప్రోగ్రామ్ రాశారు. మూడు నిమిషాలు ఎవరూ కీ నొక్కకపోతే తెరను నల్లగా మార్చడమే దాని పని. స్క్రీన్ సేవర్ అనే మాటకు మూలం అదే. తర్వాత వచ్చిన ఎల్‌సీడీ తెరల్లో వెలుగు వెనక ఉన్న దీపం నుంచి వస్తుంది, ముందున్న ద్రవ స్ఫటికాలు దాన్ని తలుపుల్లా ఆపుతూ వదులుతూ ఉంటాయి. వాటి మీద కూడా ఒక్కోసారి పాత బొమ్మ నీడ నిలుస్తుంది గాని, సాధారణంగా కొంతసేపటికి అదే చెదిరిపోతుంది. ఒక తరం పాటు ఈ సమస్యను జనం మరిచిపోయారు.

దాన్ని తిరిగి తెచ్చింది ఓఎల్‌ఈడీ. 1987లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ తక్కువ వోల్టేజీతో సమర్థంగా వెలిగే సేంద్రియ డయోడ్‌ను, అంటే కార్బన్ సమ్మేళనాలతో చేసిన దీపాన్ని, ప్రపంచానికి చూపించారు. నేటి ఫోను తెరలకు వంశకర్త అదే. దీనిలో వెనక దీపం ఉండదు. లక్షలాది చుక్కల్లో ప్రతి ఒక్కటీ తన వెలుగు తానే ఇచ్చుకుంటుంది. నలుపు కావాలంటే ఆ చుక్క ఆరిపోతుంది. ఈ తెరల్లో మనకు నచ్చే గాఢమైన నలుపు, పలుచదనం, వంపు అన్నీ ఈ గుణం నుంచే వచ్చాయి. బర్న్-ఇన్ కూడా దీని నుంచే వచ్చింది. తన వెలుగు తానే ఇచ్చే చుక్క తన వంతు తానే అరుగుతుంది మరి.

చుక్కలన్నీ సమానంగా అరిగితే మన కంటికి తెలియదు. తెర మొత్తం కొద్దిగా మసకబారుతుంది, మనం వెలుగు కొంచెం పెంచుకుంటాం, అంతే. చిక్కంతా అసమానంగా అరగడంలో ఉంది. పక్కపక్కన ఉన్న రెండు చోట్ల వెలుగులో కొద్ది శాతం తేడా ఉన్నా, అంచు నిటారుగా ఉంటే కన్ను పసిగడుతుంది. ఈ సంగతి పట్టుబడితే చాలా అపోహలు వాటంతట అవే తొలగిపోతాయి. డార్క్ మోడ్ వాడితే మచ్చలు పడవన్నది ఒక అపోహ. అరుగుదల మొత్తం మీద తగ్గే మాట నిజమే, కానీ నల్లని నేపథ్యం మీద ఒకే చోట తెల్లగా నిలిచి ఉండే గుర్తు తన చుక్కలను మాత్రమే అరగదీస్తుంది, చుట్టూ ఉన్నవి కొత్తగానే ఉంటాయి. పైనా కిందా నల్లని పట్టీలతో సినిమాలు ఎక్కువగా చూసేవారి తెరలో ఇదే తిరగబడుతుంది. అక్కడ మధ్య భాగం అరిగి, పట్టీల చోటు మెరుస్తుంది. ఇక రంగులు గబగబా మారుస్తూ మచ్చను పోగొడతామనే యాప్‌లు, గంటల తరబడి నడిచే వీడియోలు ఉన్నాయి. తాత్కాలికంగా నిలిచిన నీడ అయితే వాటి వల్ల పోయినట్టు కనిపించవచ్చు. నిజంగా అరిగిన చుక్కకు అవి ప్రాణం పోయలేవు. అవి చేయగలిగిందల్లా మిగతా చుక్కలను కూడా అరగదీయడమే.

మూడు రంగుల్లో ముందుగా అలసిపోయేది నీలం. నీలి కాంతి కణానికి శక్తి ఎక్కువ, దాన్ని పుట్టించే సేంద్రియ అణువుల బంధాలు ఆ శక్తికి తట్టుకోవడం కష్టం. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలకు ఫాస్ఫరసెంట్ పదార్థాలు వచ్చి చాలా ఏళ్లయింది. అవి అందిన విద్యుత్తులో ఎక్కువ భాగాన్ని వెలుగుగా మార్చగలవు. ఫోను తెరల్లో నీలం చాలావరకు పాత ఫ్లోరసెంట్ పద్ధతిలోనే ఉండిపోయింది కాబట్టి, అదే వెలుగు ఇవ్వడానికి ఎక్కువ విద్యుత్తు లాగుతుంది. అందుకే అనేక ప్యానెళ్లలో నీలం చుక్కను మిగతావాటి కంటే పెద్దదిగా చేస్తారు, భారం ఎక్కువ వైశాల్యం మీద పంచుకోవాలని. అయినా నీలమే ముందు తగ్గుతుంది. అరిగిన చోటు పసుపు పచ్చగా కనిపించడానికి కారణం ఇదే.

తెరల పరిశ్రమలో వాళ్లకు ఇదంతా కొత్త కాదు. వెలుగు మొదటి స్థాయిలో 95 శాతానికి పడిపోవడానికి పట్టే గంటలను వాళ్లు ఎల్‌టీ95 అంటారు, సగానికి పడిపోయే గంటలను ఎల్‌టీ50 అంటారు. కొత్త పదార్థం గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ అంకెలు లేకుండా మాట సాగదు. వెలుగు రెట్టింపు చేస్తే ఆయుష్షు సరిగ్గా సగం కాదు, అంతకంటే తక్కువకే పడిపోతుందని, వేడి తోడైతే మరింత కుంగుతుందని కూడా వాళ్లకు తెలుసు. ఇన్ని అంకెలు ఉన్నా ఫోను పెట్టె మీద ఒక్కటీ కనిపించదు. గరిష్ఠ వెలుగు ఎన్ని నిట్లో (తెర వెలుగును కొలిచే ప్రమాణం) మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ వెలుగును ఎన్ని గంటలు భరించగలదో చెప్పకుండా దాన్ని గొప్పగా ప్రకటించడం నాకు న్యాయంగా తోచదు.

ఈ మౌనం భారం అందరి మీదా ఒకేలా పడదు. ఫోనును అప్పుడప్పుడు తీసి చూసుకునేవారికి నాలుగేళ్లయినా మచ్చ కనిపించకపోవచ్చు. రోజంతా మ్యాపు చూస్తూ బండి నడిపేవారి సంగతి వేరు. ఎండలో తెర తనంతట తానే గరిష్ఠ వెలుగుకు వెళ్తుంది. ఫోను వేడెక్కుతుంది. మ్యాపు కదులుతూ ఉన్నా దాని పైపట్టీ, కింది బొత్తాలు గంటల కొద్దీ అక్కడే ఉంటాయి. వెలుగు, వేడి, కదలని గుర్తు, ఈ మూడూ కలిసే చోటు అదే. పొట్టకూటికి ఫోను మీద ఆధారపడినవారి తెరే అందరికంటే ముందు పాడవుతోంది. వాళ్లు సేవా కేంద్రానికి వెళ్తే, ఇది వాడకం వల్ల వచ్చే మామూలు మార్పు, వారంటీలోకి రాదు అనే జవాబు ఎదురుకావచ్చు. అద్దం, స్పర్శ పొర, ప్యానెల్ ఒకదానికొకటి అతికి ఉంటాయి కాబట్టి మచ్చ పడిన భాగం ఒక్కటే మార్చడం కుదరదు. మొత్తం తెర మార్చాలి. ఫోను భాగాల్లో అత్యంత ఖరీదైన వాటిలో అదొకటి.

కంపెనీలు చేతులు ముడుచుకు కూర్చున్నాయని నేను అనను. ఎప్పుడూ వెలిగే గడియారం అంకెలను కొన్ని చుక్కల మేర అటూ ఇటూ జరుపుతున్నారు. కింద శాశ్వతంగా ఉండే మూడు బొత్తాల స్థానంలో సైగలు వచ్చాయి. ఇవి నిజంగా పనిచేసే జాగ్రత్తలు. ఆపిల్ తన సహాయ పత్రంలో ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. దీర్ఘకాలం వాడితే ఓఎల్‌ఈడీ తెరలో స్వల్ప మార్పులు రావడం, బర్న్-ఇన్ సహా, ఊహించదగినదేనని ఒప్పుకుంటూనే, ఒక్కో చుక్క వాడకాన్ని ఫోను గమనిస్తూ, ఆ లెక్కను బట్టి వాటి వెలుగును సరిదిద్దుతుందని రాసింది.

నా వాదనకు పునాది ఈ వాక్యమే. ఏ చుక్క ఎంత వాడకానికి గురైందో ఫోనుకు తెలుసు. అరిగిన చుక్కకు కాస్త ఎక్కువ విద్యుత్తు ఇచ్చి, లేదా అరగని చుక్కలను కాస్త తగ్గించి తేడాను కప్పగలుగుతోందంటే లెక్క లోపల నడుస్తూనే ఉంది. ఈ కప్పే పనికి ఒక హద్దు ఉంటుంది. అది దాటిన రోజున మచ్చ బయటపడుతుంది. ఆ హద్దుకు ఎంత దూరంలో ఉన్నామో యంత్రానికి తెలిసి, యజమానికి తెలియకపోవడం ఏ రకంగా సమంజసం?

అడిగితే కంపెనీలు దిగివస్తాయా అంటే, గట్టిగా నిలదీసిన సందర్భాల్లో దిగివచ్చాయి. 2017 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 2 ఎక్స్‌ఎల్ ఫోన్లు మార్కెట్లోకి వచ్చిన కొద్ది రోజులకే సమీక్షకుల చేతుల్లోని ఫోన్లలో కింది బొత్తాల నీడలు కనిపించాయి. తమ తెర అరుగుదల ఇతర ఖరీదైన ఫోన్ల ఓఎల్‌ఈడీ తెరల్లాగే ఉందని గూగుల్ మొదట సమర్థించుకుంది. అయినా ఆ మోడళ్ల వారంటీని రెండేళ్లకు పెంచింది. గరిష్ఠ వెలుగును 50 నిట్ల మేర తగ్గించి, వాడనప్పుడు బొత్తాలు మసకబారేలా మార్పులు పంపింది. కొన్న తర్వాత వెలుగు తగ్గించడం తెర ఆరోగ్యానికి మంచిదే కావచ్చు గాని, ఆ మంచి ముందే తెలిస్తే కొనేవారు వేరుగా ఆలోచించేవారు.

బ్యాటరీ విషయంలోనూ ఇదే దారి నడిచాం. పాతబడిన బ్యాటరీలున్న ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ తగ్గిస్తోందని 2017 డిసెంబరులో బయటపడి పెద్ద దుమారం రేగింది. 2018 మార్చిలో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.3తో బ్యాటరీ ఆరోగ్యం శాతంలో చూపడం మొదలైంది. అంతకుముందు ఆ అంకె సామాన్యులకు అర్థం కాదని, గందరగోళం చేస్తుందని అనిపించి ఉండవచ్చు. ఇవాళ పాత ఫోను కొనేవాడు మొదట అడిగేది దాన్నే. ఐరోపా సమాఖ్య ఇంకా ముందుకు వెళ్లింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమలవుతున్న నిబంధనల ప్రకారం బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ అయ్యాక కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. విడిభాగాలు, వాటిలో తెర కూడా, ఏళ్ల తరబడి దొరకాలి. ఫోనుతో వచ్చే లేబుల్ మీద బ్యాటరీ మన్నిక, కింద పడితే తట్టుకునే శక్తి, మరమ్మతు సౌలభ్యం కనిపిస్తాయి. తెర వెలుగు ఎన్ని గంటలకు ఎంత తగ్గుతుందన్న వరుస మాత్రం ఆ లేబుల్‌లో లేదు.

పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 వచ్చినప్పటి నుంచి ఏడేళ్ల సాఫ్ట్‌వేర్ నవీకరణల హామీ మొదలైంది. మంచి మార్పు. కానీ రెండేళ్లకోసారి ఫోను మార్చే రోజుల్లో బర్న్-ఇన్ చాలామంది కంట పడకుండానే పోయేది. ఏడేళ్లు ఒకే ఫోను, బహుశా ఇద్దరు ముగ్గురు యజమానుల చేతుల్లో తిరిగే ఫోను, అంటే అదే తెర మీద అదే కీబోర్డు వేల గంటలు వెలుగుతుంది. సాఫ్ట్‌వేర్‌కు ఏడేళ్లు, తెరకు ఏడాది రెండేళ్ల వారంటీ అంటే, ఆ మధ్యనున్న అయిదారేళ్ల నష్టం ఎవరిదో చెప్పకుండా వదిలేసినట్టే.

ప్యానెళ్లు బాగుపడుతున్నాయి కాబట్టి ఈ గొడవ దానంతట అదే సమసిపోతుందనే వాదన వినిపిస్తుంది. బాగుపడుతున్న మాట నిజం. 2024 ఐప్యాడ్ ప్రోలో రెండు ఓఎల్‌ఈడీ పొరలను ఒకదానిపై ఒకటి పేర్చారు. భారం రెండింటి మధ్య పంచుకోవడంతో అదే వెలుగుకు ఒక్కో పొర తక్కువ శ్రమ పడుతుంది. కానీ కంపెనీలు ఆ మిగులును ఆయుష్షుగా ఇస్తాయా, మరింత వెలుగుగా ఖర్చు చేస్తాయా అన్నది వాటి ఇష్టం. గత పదేళ్లలో ఫోన్ల గరిష్ఠ వెలుగు ఎలా పెరుగుతూ వచ్చిందో చూస్తే, అంకె బయట పెట్టమని అడగకుండా ఆయుష్షే ఎంచుకుంటారని నేను నమ్మలేను.

ఒక్క అంకె తెర పరిస్థితిని పూర్తిగా చెప్పదనే అభ్యంతరం మాత్రం సరైనదే. సగటు వెలుగు 97 శాతం ఉన్న తెరలో కూడా కీబోర్డు పట్టీ వికారంగా కనిపించవచ్చు. అందుకే సగటు సరిపోదు. ఎక్కువగా అరిగిన చోటుకూ తక్కువగా అరిగిన చోటుకూ ఉన్న తేడా చూపాలి, అందులో నీలాన్ని విడిగా చూపాలి. ఆ తేడా ఎంత దాటితే తెరను ఉచితంగా మారుస్తారో వారంటీ పత్రంలో అంకెతో రాయాలి. ఫోను అమ్మే రోజున కొనేవారు గది దీపాలు ఆర్పి బూడిద రంగు బొమ్మ వెతుక్కోనక్కర లేకుండా, సెట్టింగుల్లో బ్యాటరీ వరుస కిందే ఈ వరుస కూడా కనిపించాలి.