సవరణ: కేబీఆర్ పార్క్ గురించి నిన్న తప్పు రాశా

నిన్న పోస్ట్‌లో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఉన్న కేబీఆర్ (కాసు బ్రహ్మానందరెడ్డి) పార్క్ మున్సిపాలిటీది అని రాసేశా, తప్పు నాదే. అది మామూలు పార్క్ కాదండీ, 1998లోనే నేషనల్ పార్క్‌గా ప్రకటించారు, చూసుకునేది ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్, అందుకే లోపల వాకింగ్ చేసుకోవచ్చు గానీ కుక్కల్ని తీసుకెళ్లడం, నెమళ్లకి తిండి పెట్టడం లాంటివి కుదరవు (నెమళ్లు మాత్రం మన దారికే అడ్డొస్తాయి, అది వేరే సంగతి).

ఇంకోటి, కృష్ణజింకలు ఇక్కడే ఉంటాయని కూడా రాశా కదా, వాటికి పేరు పడింది వనస్థలిపురం దగ్గరున్న హరిణ వనస్థలి నేషనల్ పార్క్, రెండూ కలిపేశా. పిల్లల్ని తీసుకుని జింకల కోసం జూబ్లీహిల్స్ బయల్దేరినవాళ్లుంటే సారీ. నిజాం కాలం నాటి చిరాన్ ప్యాలెస్ కేబీఆర్ పార్క్ లోపలే ఉందన్న మాట మాత్రం కరెక్టే.