చూపు సరే, తేల్చేదెవరు?

చిలీలోని సెర్రో పచోన్ పర్వతం మీది వెరా రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో తొలి చిత్రాలను విడుదల చేసినప్పుడు లోకం అబ్బురపడింది. 8.4 మీటర్ల అద్దం, 3,200 మెగాపిక్సెళ్ల కెమెరా, పదేళ్లపాటు దక్షిణాకాశాన్ని మళ్లీమళ్లీ చిత్రించే సంకల్పం. అబ్బురపడినవారిలో మేమూ ఉన్నాం. కానీ ఆ కన్ను కనిపెట్టినదాన్ని ఆరా తీసే ఏర్పాట్లు చూస్తే, ఏనుగును కొన్నవారు అంకుశం దగ్గర బేరమాడుతున్నట్లుంది.

పూర్తిస్థాయిలో పనిచేసే రాత్రి రూబిన్ దాదాపు 20 టెరాబైట్ల సమాచారం పోగుచేస్తుంది. పాత చిత్రంతో పోల్చి, తేడా కనిపించిన ప్రతిచోటు గురించీ నిమిషాల్లోనే శాస్త్రవేత్తలకు ఒక అలర్ట్ పంపుతుంది. అవి రాత్రికి కోటి వరకు ఉంటాయని అంచనా. అలర్ట్ చెప్పేది మాత్రం కొంచెమే: ఇక్కడేదో వెలిగింది, మసకబారింది లేదా కదిలింది. అది పేలిన నక్షత్రమా, ఎప్పుడూ మిణుకుమిణుకుమనే చరకాంతి నక్షత్రమా, కృష్ణబిలం చుట్టూ రగిలే వాయువా అన్నది గట్టిగా తేలాలంటే మరో దూరదర్శిని అటు తిరిగి ఆ కాంతిని వర్ణపటంగా విడదీయాలి. చిక్కంతా ఇక్కడే. రూబిన్ ముప్పై సెకన్లలో పట్టుకున్న మసక చుక్కకు వర్ణపటం తీయాలంటే, అందిన పిసరంత కాంతినే వందల వర్ణాలకు పంచుకోవాలి. దానికి పెద్ద దూరదర్శిని గంటకు పైగా అంకితం కావలసి రావచ్చు. ఎనిమిది మీటర్లకు మించిన దూరదర్శినులు ప్రపంచం మొత్తం మీద ఇరవై కూడా లేవు. వాటి సమయానికి ఇప్పటికే పెద్ద క్యూ.

ఈ సంగతి ఎవరికీ తెలియనిది కాదు. 2000లో అమెరికాలో మొదలైన స్లోన్ ఆకాశ సర్వే ఫొటోలు తీసే కెమెరాను, వర్ణపటాలు తీసే పరికరాన్ని ఒకే 2.5 మీటర్ల దూరదర్శినికి ముందే కలిపి రూపొందించుకుంది. కాలిఫోర్నియాలోని పాలోమర్ కొండ మీద 48 అంగుళాల దూరదర్శిని ఆకాశాన్ని గాలిస్తుంటే, అదే కొండ మీది 60 అంగుళాల పాత దూరదర్శినికి ఒక చిన్న పరికరం అమర్చారు. దాని పని సూక్ష్మ పరిశోధన కాదు, దొరికింది ఏ జాతి సూపర్నోవాయో, అంటే ఎలాంటి నక్షత్ర విస్ఫోటనమో, చప్పున చెప్పడం. ముద్రలు వేసే గుమాస్తాలాంటి ఆ కొలువే వేల పేలుళ్లకు పేరు పెట్టింది.

చిన్న దూరదర్శినులను కాలం చెల్లిన సామానుగా చూసేవారికి 2017 ఆగస్టు 17 గుర్తుచేయాలి. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనడంతో పుట్టిన గురుత్వ తరంగాలు అందిన దాదాపు 11 గంటల తర్వాత, ఆ ఢీ నుంచి వచ్చిన వెలుగును తొలుత పట్టుకున్నది చిలీలోని ఒక మీటరు స్వోప్ దూరదర్శిని. ఆ నీలి వెలుగు కొద్ది రోజుల్లోనే ఎర్రబడి మసకబారింది. వచ్చే వారం చూద్దామనుకుంటే చూడడానికి ఏమీ మిగలదు.

పరికరాల మాట ఇలా ఉంటే మనుషుల మాట మరోలా ఉంది. అలర్టుల ప్రవాహం మొత్తాన్ని అందుకుని జల్లెడపట్టేందుకు ఏడు బృందాలు ఎంపికయ్యాయి. శాస్త్రవేత్తలు ఏ వెలుగు వెంట పడాలో సూచించేది వారు రాసిన సాఫ్ట్‌వేరే. అయినా ఇలాంటి పనిని పరిశోధనా పత్రంతో సమానంగా గుర్తించే అలవాటు విశ్వవిద్యాలయాలకు ఇంకా పూర్తిగా అబ్బలేదు. స్వల్పకాలిక నిధుల మీద బతికే ఉద్యోగి పదేళ్ల సర్వేను మోయాలనడం న్యాయం కాదు.

ఆశ లేకపోలేదు. 1973 నాటి నాలుగు మీటర్ల మేయల్ దూరదర్శినికి ఒక్కో వస్తువు కాంతిని విడిగా మోసుకెళ్లే 5,000 ఫైబర్లు బిగించి, ఒకేసారి వేల గెలాక్సీల వర్ణపటాలు తీస్తున్నారు. అయితే అది ఉత్తరార్ధగోళంలో అరిజోనాలో ఉంది, రూబిన్ చూసే ఆకాశంలో చాలా భాగం దానికి కనబడదు. దక్షిణాన చిలీలోని విస్టా దూరదర్శినికి అమర్చిన ఫోర్‌మోస్ట్ అనే వర్ణపట పరికరం దాదాపు 2,400 ఫైబర్లతో కొంత లోటు తీరుస్తుంది. కానీ అదీ నాలుగు మీటర్ల అద్దమే. రూబిన్ చూసే అతి మసక వస్తువుల దాకా దాని చూపు సాగదు.

కాబట్టి సర్వేకు నిధులిచ్చే సంస్థలు మంజూరు పత్రంలోనే అనుబంధ దూరదర్శినుల సమయానికి, వర్ణపట పరికరాలకు, సాఫ్ట్‌వేర్ సిబ్బందికి వాటా రాయాలి. ఒకటి రెండు మీటర్ల పాత దూరదర్శినులను ఖర్చు పేరిట మూసే ఆలోచనలను కనీసం ఈ పదేళ్లపాటు పక్కనపెట్టాలి. కొత్త పరికరం రూపుదిద్దుకోవడానికి ఏళ్లు పడుతుంది. సర్వే సగం గడిచాక అడిగితే, అది ఆఖరి ఏడాదికి అందితే గొప్ప.