గ్రాంటు యంత్రాన్ని కొనిస్తుంది, లారీ కిరాయి ఎవరు కడతారు?

మారుమూల ప్రాంతానికి వ్యాపారాన్ని విస్తరించాలనుకునే వారు ప్రభుత్వ గ్రాంటు కోసం తయారు చేసుకునే ప్రాజెక్టు రిపోర్టుల్లో లెక్కలు సరిచూడడం కొన్నేళ్లుగా నా పనిలో భాగం. ఈ మధ్య చూసిన ఒక రిపోర్టులో రవాణా ఖర్చు గడి దగ్గర ఆగిపోయాను. అక్కడున్న అంకె, అదే సంస్థ పాత యూనిట్ లెక్కల్లోని అంకె పైసలతో సహా ఒకటే. పాత యూనిట్ జాతీయ రహదారి పక్కన ఉంది, కొత్తది ఘాట్ రోడ్డు దాటాక ఉంటుంది. యజమానిని అడిగితే, "ముప్పై శాతం గ్రాంటు వస్తోంది కదండీ, ఆ తేడా అందులో సర్దుకుపోతుంది" అన్నారు. ఈ పోస్టు రాయడానికి కారణం ఆ మాటే, ఎందుకంటే అది ఆయన ఒక్కరి మాట కాదు, నేను చూసిన సగం రిపోర్టుల వెనక ఉన్న ధీమా.

గ్రాంటు ఒకసారి వస్తుంది. దూరం ఖర్చు ప్రతి నెలా వస్తుంది. ముడిసరుకు తెచ్చిన లారీకి తిరుగు ప్రయాణంలో లోడు దొరకకపోతే రానుపోను కిరాయి మనమే పెట్టుకోవాలి. సరుకు దారిలో ఉన్న రోజులు పెరిగేకొద్దీ అందులో ఇరుక్కుపోయే డబ్బు పెరుగుతుంది, అంటే అంతే అమ్మకానికి ఎక్కువ వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ వ్యాపారం నడిపే డబ్బు, కావాలి. ఒక బేరింగ్ పోతే అది వచ్చేదాకా లైను ఆగిపోతుంది కాబట్టి విడిభాగాలను ముందే కొని అలమారాలో పెట్టుకోవాలి. మెకానిక్ వచ్చి గంటసేపు పనిచేసినా రెండు రోజుల కూలీ, బస ఇవ్వాలి. కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు తాగే డీజిలు కూడా అదే దారిలో రావాలి. పని నేర్చుకున్న మనిషి ఏడాది తిరగకుండా పట్నానికి వెళ్లిపోతే మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. మామూలు మూలధన గ్రాంటు వీటిలో ఏ ఒక్కదానికీ పైసా ఇవ్వదు, షెడ్డుకూ యంత్రాలకూ మాత్రమే ఇస్తుంది.

దీనివల్ల జరిగే మరో తప్పు నాకు ఇంకా ఎక్కువ కోపం తెప్పిస్తుంది. గ్రాంటును పెట్టుబడిలో శాతంగా ఇస్తారు కాబట్టి, పెట్టుబడి ఎంత పెద్దదైతే గ్రాంటు అంత పెద్దదవుతుంది. దాంతో రోజుకు నాలుగు గంటల పని కూడా లేని చోట మూడు షిఫ్టులకు సరిపోయే యంత్రం దిగుతుంది. ఆ యంత్రానికి తగిన అమ్మకం ఎక్కడుందో రిపోర్టులో ఒక్క వాక్యం ఉండదు.

పెద్ద సంస్థలు ఈ తప్పుకు అతీతమనుకుంటే, స్కాట్లాండ్ ఉత్తర ప్రాంతంలోని ఇన్వర్‌గోర్డన్‌ను చూడవచ్చు. అక్కడ ప్రభుత్వ సహాయంతో కట్టిన అల్యూమినియం కర్మాగారం 1971లో మొదలైంది. అల్యూమినియం తయారీ ఖర్చులో పెద్ద భాగం కరెంటే, ఆ కరెంటు ధరను ఎంతో దూరాన అప్పటికి ఇంకా కడుతున్న హంటర్‌స్టన్ అణు విద్యుత్ కేంద్రం లెక్కలతో ముడిపెట్టారు. ఆ కేంద్రం ఆలస్యమైంది, ఖర్చులు పెరిగాయి, 1981 డిసెంబరులో కర్మాగారం మూతపడి సుమారు 900 మంది ఒక్కసారిగా పని కోల్పోయారు. కట్టడానికి డబ్బు దొరికింది, నడపడానికి అయ్యే ఖర్చు దగ్గర లెక్క తప్పింది.

మన దేశంలో తప్పు ఇంకో రకంగా జరిగింది. 2003లో హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చిన పారిశ్రామిక ప్యాకేజీలో పదేళ్ల పాటు ఎక్సైజ్, అంటే ఫ్యాక్టరీలో తయారైన సరుకు మీద కేంద్రం వేసే పన్ను, మినహాయింపుతో పాటు మూలధన సబ్సిడీ కూడా ఉంది. కంపెనీలు బారులు తీరాయి, కానీ ఎక్కడికి వెళ్లాయి? హిమాచల్‌లో చండీగఢ్‌కు దగ్గరలో ఉన్న బద్ది, బరోటీవాలా, నాలాగఢ్ వైపు వెళ్లాయి. ఉత్తరాఖండ్‌లో హరిద్వార్‌కూ, పంత్‌నగర్ చుట్టుపక్కలకూ వెళ్లాయి. అంటే కొండ రాష్ట్రమనే పేరు మీద రాయితీ తీసుకుని, ఆ రాష్ట్రంలో మైదానాన్ని ఆనుకుని ఉన్న చివరి అంచున షెడ్డు వేసుకున్నాయి. హిమాచల్‌లో ఎత్తైన కొండల లోపల ఉన్న లాహౌల్ స్పితి జిల్లా వైపు బారులు తీరలేదు. నేను కంపెనీలను తప్పుపట్టను, వారి స్థానంలో ఉంటే నేనూ బద్దికే వెళ్తాను. రాయితీ రాష్ట్ర సరిహద్దును చూసి ఇచ్చారు, దూరాన్ని చూసి ఇవ్వలేదు. బద్ది ఈ రోజు దేశంలోని పెద్ద మందుల తయారీ కేంద్రాల్లో ఒకటి, దాని విలువ దానికుంది, అయితే దాన్ని మారుమూల ప్రాంత అభివృద్ధి అనడానికి నాకు నోరు రాదు.

దూరాన్ని చూసి ఇచ్చిన పద్ధతులూ లేకపోలేదు. నార్వేలో 1975 నుంచి, ఉద్యోగుల జీతాల మీద యజమాని కట్టాల్సిన సామాజిక భద్రతా చందాను ప్రాంతాన్ని బట్టి నిర్ణయిస్తున్నారు. రాజధాని వైపు అది 14.1 శాతమైతే, ఉత్తరాన చివరన ఉన్న ఫిన్‌మార్క్‌లో సున్నా. అక్కడ మనిషిని పనిలో ఉంచుకున్నంత కాలం నెలనెలా ఆ మేలు అందుతుంది, మూసేసిన రోజున ఆగిపోతుంది. పెద్ద యంత్రం కొన్నవాడికి ఎక్కువ, చిన్న యంత్రం కొన్నవాడికి తక్కువ అన్న ప్రశ్న రాదు. మన దేశం కూడా 1971లోనే ఈశాన్య, కొండ ప్రాంతాల పరిశ్రమలకు రవాణా సబ్సిడీ పెట్టింది, 2013లో దాని స్థానంలో ఫ్రైట్ సబ్సిడీ పథకం వచ్చింది, తర్వాత దాన్నీ ఆపేశారు. తప్పుడు బిల్లుల ఆరోపణలు, దర్యాప్తులు జరిగిన మాట నిజమే. 2024లో ఈశాన్య రాష్ట్రాలకు 10,037 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఉన్నతి పథకంలో మూలధనానికీ, వడ్డీకీ, ఉత్పత్తికీ ప్రోత్సాహకాలున్నాయి కానీ, లారీ కిరాయికంటూ విడి పద్దు లేదు. దొంగ బిల్లులను పట్టుకోవడం కష్టమని అసలు ఖర్చునే లెక్కలోంచి తీసేయడం ఏం న్యాయమో నాకు బోధపడదు.

ఇక చేతికి డబ్బు వచ్చే తీరు చూద్దాం. గ్రాంటు మంజూరైతే డబ్బు వచ్చినట్టే అనుకునేవారు నూటికి తొంభై మంది. చాలా పథకాల్లో ముందు మనం ఖర్చు పెట్టాలి, బిల్లులు, చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫికెట్ ఇవ్వాలి, తనిఖీ జరగాలి, ఆ తర్వాత నిధులుంటే జమ అవుతుంది. నూరు రూపాయల పెట్టుబడిలో ముప్పై గ్రాంటు అనుకుందాం. ఆ ముప్పై ఏడాదిన్నర తర్వాత వస్తే, అప్పటిదాకా 12 శాతం వడ్డీకి అప్పు తెచ్చి నడిపితే, వడ్డీకే 5 రూపాయల 40 పైసలు పోతాయి. మిగిలింది 24 రూపాయల 60 పైసలు, అందులోంచి కన్సల్టెంటు వాటా ఇంకా తీయలేదు. పైగా షరతులుంటాయి. యూరోపియన్ యూనియన్ ప్రాంతీయ సహాయ నిబంధనలనే తీసుకుంటే, దరఖాస్తు పెట్టకముందే పని మొదలుపెడితే సహాయం రాదు, పెట్టిన పెట్టుబడిని ఆ ప్రాంతంలో ఐదేళ్లు, చిన్న, మధ్య తరహా సంస్థలైతే మూడేళ్లు నిలపాలి. తొందరపడి యంత్రానికి ఆర్డరు ఇచ్చి, ఆ తర్వాత దరఖాస్తుకు పరుగెత్తే వారికి ఇలాంటి నిబంధన పిడుగులా తగులుతుంది.

గ్రాంటు లేకపోతే అక్కడికి ఎవరు పోతారని నన్ను అడుగుతారు. నేను గ్రాంటు వద్దనడం లేదు. గ్రాంటు వరుసను చెరిపేసి లాభనష్టాల పట్టిక ఒకసారి వేసుకొమ్మంటున్నాను. అది లేకుండా నాలుగో ఏడాదికైనా నిలబడే యూనిట్‌కు గ్రాంటు ఊపిరి పోస్తుంది, మొదటి రెండేళ్ల నష్టాన్ని మోస్తుంది. అది లేకుండా ఏ ఏడాదికీ నిలబడని యూనిట్‌కు గ్రాంటు ఇవ్వడమంటే మూతపడే తేదీని వాయిదా వేయడమే, ఆ ఊళ్లో పనిలో చేరిన వారిని నమ్మించి ముంచేయడమే.

మొదట చెప్పిన రిపోర్టులో రవాణా గడిని రానుపోను కిరాయితో సరిచేసి, విడిభాగాల నిల్వను కలిపి పంపాను. మూడో ఏడాది లాభం కాస్తా నష్టమైంది. యజమాని రెండు వారాలు ఫోను చేయలేదు. తర్వాత వచ్చి, పెద్ద యంత్రం బదులు సగం సామర్థ్యమున్నదాన్ని పెట్టి, ముడిసరుకును అక్కడే ఎండబెట్టి బరువు తగ్గించి, చివరి పని పాత యూనిట్‌లో చేస్తే ఎలా ఉంటుందని అడిగారు. కొత్త లెక్కలో గ్రాంటు దాదాపు సగానికి పడిపోయింది, నాలుగో ఏడాది గడిలో మాత్రం లాభం కనిపించింది. దరఖాస్తు ఆ లెక్కతోనే వెళ్లింది.