తిరిగి వెళ్ళాల్సిన డబ్బాకు, తిరిగి రాని క్యారేజీలవాడు రాయునది

మహారాజశ్రీ అమెరికా ఆకుపచ్చ మూతడబ్బా గారికి,

పర్లాకిమిడి నుంచి మెస్సు నడుపుకునే ఒకడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని నాకు తెలుసు, నిన్న సాయంత్రమే మా అక్క వంటింటి గట్టు మీద దర్శనం చేసుకున్నాను. మూడు గదుల్లో పెద్దదానిలో మినప్పప్పు, చిన్నవాటిలో ఆవాలూ జీలకర్రా. వాటి మీద ఎండుమిర్చి కుక్కడంతో మూత సరిగా పడక తొడిమలు బయటికి తొంగి చూస్తున్నాయి. అమెరికా విశ్వవిద్యాలయం భోజనశాలలో, పిల్లలు తిండి పట్టుకెళ్ళి మళ్ళీ తెచ్చివ్వాల్సిన డబ్బాగా, పర్యావరణాన్ని ఉద్ధరించడానికి పుట్టినవారు ఒడిశా గజపతి జిల్లాలో పోపులపెట్టెగా స్థిరపడ్డారు. ఇంట్లో మనిషివయ్యాక మహారాజశ్రీలు దేనికి? పైగా గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని గ్రాంథికం వెలగబెడితే బాగుండదు. ఇక నువ్వనే పిలుస్తాను.

నిన్ను తెచ్చినవాడు నా మేనల్లుడు. అక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు. చదువుతోబాటే యూనివర్సిటీలో ఉద్యోగం కూడా వచ్చిందని మా అక్క వీధి వీధంతా చెప్పింది. ఉద్యోగం మాట నిజమే. వారానికి 20 గంటలు మించకుండా, భోజనశాల వెనక గిన్నెలు కడిగే గదిలో. ఇక్కడున్నన్నాళ్ళూ తిన్న కంచం తీసిన పాపాన పోనివాడు అక్కడ నీ వంశం మొత్తాన్ని తోముతున్నాడు. "అమ్మకి చెప్పకు మావయ్యా" అన్నాడు. చెప్పలేదు. రాశాను. అక్క ఇలాంటివి చదవదు.

నీ పుట్టుపూర్వోత్తరాలన్నీ వాడే చెప్పాడు. అక్కడి భోజనశాలల్లో కూర్చుని తింటే ఎంతైనా తినొచ్చట, పట్టుకెళ్తే మాత్రం డబ్బాలో పట్టినంతే. అమెరికా మీద నాకు అభిమానం పుట్టింది ఇక్కడే. నా మెస్సు గోడ మీదా అదే రాయించాను: ఫుల్ మీల్స్ అన్‌లిమిటెడ్, పార్సిల్ లిమిటెడ్. అక్కడ పట్టుకెళ్ళేవాళ్ళకి థర్మాకోల్ డబ్బాలు ఇచ్చీ ఇచ్చీ చెత్తకుండీలు పొంగిపొర్లాయి. అప్పుడు, 2000 దశకం చివర్లో, ఫ్లోరిడాలోని ఎకర్డ్ కాలేజీ లాంటి చోట్ల నిన్ను రంగంలోకి దించారు. ఒళ్ళు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కు, అడుగున ఆ రకానికి గుర్తుగా త్రికోణంలో 5 అంకె. నిన్ను తీసుకోవాలంటే డిపాజిట్ కట్టాలి, 5 డాలర్లు పుచ్చుకునేచోట్లు ఉన్నాయి. తిని తెచ్చిస్తే కడిగిన డబ్బా ఇంకోటి ఇస్తారు. అప్పుడే అక్కర్లేదంటే తాళాలగుత్తికి తగిలించుకునే కొక్కెం ఒకటి చేతిలో పెడతారు, అది చూపిస్తే మళ్ళీ డబ్బా. కొన్నిచోట్ల డబ్బాని మింగి టోకెన్ కక్కే యంత్రాలు వచ్చాయి. కొన్నిచోట్ల ఫోన్లో యాప్, గడువు దాటితే జరిమానా. తిన్నవాడు తెచ్చిన డబ్బాలోనే తోమకుండా మళ్ళీ వడ్డించమంటే నిబంధనలు ఒప్పుకోవు. ఎంగిలి పట్టింపు మా నాయనమ్మతోనే పోయిందనుకున్నాను. ఆవిడ పోయి అమెరికా ఫుడ్ కోడ్‌లో చేరిందన్నమాట.

ఇంతవరకూ నీ కథ. ఇప్పుడు నా గోడు విను.

నాకూ స్టీలు క్యారేజీలు ఉండేవి. నాలుగు గిన్నెలు, పక్కన పట్టీలు, పైన పిడి. ప్రతి గిన్నె అడుగునా మెస్సు పేరు చెక్కించాను. గిన్నెలకొట్టు కుర్రాడు కరెంటు మిషను పట్టుకుని గర్రుమంటూ చెక్కుతుంటే పక్కనే నిలబడి ఒక్కో అక్షరం సరిచూసుకున్నవాణ్ణి. గదులు అద్దెకు తీసుకున్న కాలేజీ పిల్లలకీ, బదిలీ మీద వచ్చి ఒంటరిగా ఉంటున్న ఉద్యోగులకీ అన్నం అందులోనే వెళ్ళేది. డిపాజిట్ 200 రూపాయలు. క్యారేజీ ఖరీదు అంతకు మూడింతలు. ఈ లెక్కలో ఉన్న బొక్క నాకంటే ముందు పిల్లలు కనిపెట్టారు.

మాది సరిహద్దు ఊరు. ఇలా దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఒడిశాలో ఉడికిన పప్పు ఆంధ్రాలో చల్లారుతుంది. అందుకని నా గిన్నెలు పర్మిట్ లేకుండా రెండు రాష్ట్రాల్లో తిరుగుతున్నాయి. ఒకటి పాతపట్నంలో పెళ్ళివారింట నిమ్మకాయ ముక్కలతో బంతి మధ్యలో తిరుగుతూ నా ముందుకే వచ్చింది. ఇంకోటి టెక్కలి రోడ్డు మీద టీకొట్టులో చిల్లర డబ్బులు మోస్తోంది. గుణుపూరు రైల్లో ఒకావిడ ఒళ్ళో నా మూడో గిన్నె ఉంది, దాని నిండా ఉసిరికాయలు. "ఈ గిన్నె మాదమ్మా, అడుగున పేరు చూడు" అన్నాను. ఆవిడ చూడకుండానే, "మా అల్లుడు కొన్నాడు బాబూ, స్టీలు మంచిది" అంది. మరి మాట్లాడలేకపోయాను. ఆ గిన్నె తళతళా మెరిసిపోతోంది. నా దగ్గరున్నన్నాళ్ళూ ఎప్పుడూ అలా మెరవలేదు.

అందుకే నీకు ఈ ఉత్తరం. మీ పథకం పోస్టర్లలో భూగోళం బొమ్మ, ఆకుల బొమ్మ, నవ్వుతున్న విద్యార్థి బొమ్మ ఉంటాయట. అసలు చిక్కు ఆ బొమ్మల్లో ఎక్కడా లేదు. డబ్బా మంచిదైతే తిరిగి రాదు. చెడ్డదైతే ఎవడూ తీసుకోడు. గట్టిగా ఉండాలి, కానీ ఇంట్లో దాచుకోవాలనిపించేంత గట్టిగా ఉండకూడదు. డిపాజిట్ తక్కువైతే చవగ్గా కొన్నాననుకుంటాడు, ఎక్కువైతే "వద్దులెండి, కవర్లో కట్టీండి" అంటాడు. నీకు మూడు గదులు పెట్టి, మూత ఒంటికే అతికించి, చారు పోస్తే కారేలా తయారు చేసిన మహానుభావుడెవరో నాలాగే క్యారేజీలు పోగొట్టుకున్నవాడై ఉంటాడు. ఇంట్లో ఎందుకూ కొరగాకుండా చేద్దామనుకున్నాడు పాపం. తెలుగింటి ఆడవాళ్ళ సంగతి ఆయనకి తెలీదు.

మావాడు చెప్పేదీ అదే. సెమిస్టరు మొదట్లో డబ్బాలు బాగానే తిరిగొస్తాయట. పరీక్షలు దగ్గర పడేకొద్దీ అరలు ఖాళీ. "దయచేసి మీ గదుల్లో ఉన్న డబ్బాలు తెచ్చివ్వండి" అని ఈమెయిల్ మీద ఈమెయిల్. హాస్టలు ఖాళీ చేసే రోజున మంచాల కింద నుంచి బయటపడతాయి, ఎప్పుడో తిన్న పాస్తా లోపల కొత్త ప్రాణిగా రూపాంతరం చెంది ఉంటుంది. ఇక్కడే అసలు లెక్క. నీ ఒంట్లో ఉన్న ప్లాస్టిక్కు, వాడి పారేసే పల్చటి డబ్బాలో కంటే చాలా ఎక్కువ. పదే పదే తిరిగితేనే నువ్వు పుణ్యాత్ముడివి. నాలుగుసార్లు తిరిగి మంచం కిందికి చేరితే, పారేసే డబ్బా కంటే నువ్వే ఎక్కువ పాపం మూటగట్టుకున్నట్టు. తిరక్కుండా పడున్న రోజులు కూడా పోస్టరు లెక్కలో పుణ్యం ఖాతాలోకే పోతున్నాయని నా అనుమానం.

కడగడం గురించి కూడా ఎవరూ రాయరు. మీ గిన్నెలు కడిగే యంత్రంలో ఆఖరున పోసే నీళ్ళు 82 డిగ్రీలకు తగ్గకూడదట. స్టీలైతే ఆ వేడి పట్టుకుని, బయటికి తీసిన కాసేపటికి తనంతట తనే ఆరుతుంది. నువ్వు వేడి నిలుపుకోవు, చెమటపట్టి కూర్చుంటావు. తడితోనే ఒకదాని మీద ఒకటి పేరిస్తే వాసన. కాబట్టి నిన్ను ఆరబెట్టడానికి వేరే స్టాండ్లు, స్టాండ్లకు వేరే చోటు, అక్కడ నిలబడటానికి మా మేనల్లుడు. మా మెస్సులో గిన్నెలు తోమే అత్తకి ఇదంతా చెప్పాను. ఆవిడ ఒకటే అడిగింది, "ఆ గుంటడికి భోజనం పెట్తారా?" నీ గురించి వచ్చిన ప్రశ్నల్లో నాకు నచ్చింది ఇదొక్కటే.

నువ్వు మా ఊరు చేరింది కూడా కడుగుడు దగ్గర ఓడిపోయే. భోజనశాలలో ఇండియన్ కర్రీ వండిన రోజున నీ మూలలకు పసుపు పట్టింది. పసుపు నూనెతో కలిసి ప్లాస్టిక్కులోకి దిగితే ఏ సబ్బుకీ లొంగదు. మీ మేనేజరు నిన్ను వెలుతురులో తిప్పి చూసి, పనికిరానివాటి కుప్పలోకి విసిరేశాడు. మావాడు అడిగి తెచ్చుకున్నాడు. మా అక్క నిన్ను డాబా మీద, వడియాల పక్కన, వెల్లకిలా ఎండలో పెట్టింది. రెండోరోజు సాయంత్రానికి పసుపు లేదు. ఎండ తగిలితే పసుపు రంగు విరుగుతుంది. ఈ సంగతి పసుపు గుడ్డలు ఆరేసే ప్రతి ఇల్లాలికీ తెలుసు. "మీ మేనేజరుకి చెప్పరా" అన్నాను. "చెప్పాను మావయ్యా, ఎండలో పెట్టడం రూల్సులో లేదన్నాడు" అన్నాడు.

2020లో కరోనా వచ్చినప్పుడు చాలా యూనివర్సిటీలు నిన్ను అటకెక్కించి, మళ్ళీ పారేసే డబ్బాలే పంచాయి. నిన్ను తప్పుపట్టను. అప్పుడు నా క్యారేజీల్ని కూడా ఎవరూ ముట్టుకోలేదు. తిరిగి రాకుండా పోయినవాటికి ఆ యేడు మంచి సాకు దొరికింది.

ఇక్కడి ప్రభుత్వాలూ ఊరికే కూర్చోలేదు. ఒడిశాలో 2018 అక్టోబరు 2 నుంచి పూరీతోబాటు మా బరంపురం లాంటి పెద్ద ఊళ్ళలో వాడి పారేసే ప్లాస్టిక్కు మీద నిషేధం పెట్టారు. 2022 జులై 1 నుంచి దేశమంతటా వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు బందు. ఆ జాబితా మా మెస్సు గోడకి అంటించి వేలు పెట్టి ఒక్కో వస్తువూ చదివాను. ఒక పేరు కోసం వెతికాను, దొరకలేదు. పార్సిలు కట్టే నల్లటి మూతడబ్బా. అది నీ దాయాదే. దాని ఒళ్ళూ పాలీప్రొపిలీనే, అడుగున అదే త్రికోణం, అదే 5. నీకు డిపాజిట్, కొక్కెం, యాప్, పోస్టరు. దానికి ఒక రబ్బరు బ్యాండు. మా ఇళ్ళల్లో దాన్ని ఎవరూ పారెయ్యరు. దోసెల పిండికి, గోంగూర పచ్చడికి, పక్కింటికి కూర పంపడానికి మూత విరిగేదాకా వాడతారు. వాడకంలో మాకు ఎవరూ సాటిరారు. నా దగ్గరికి తిరిగి రావడమొక్కటే జరగదు.

మా కొండల్లో దొరికే అడ్డాకు విస్తరి, డొప్ప తిరిగి రానక్కర్లేదు. ఆవులు తిన్నా సరే, మట్టిలో కలిసినా సరే. ఆ మాటకొస్తే నా మెస్సులో కూర్చుని తినేవాళ్ళకి ఇప్పటికీ విస్తరే. కానీ ఆకులో చారు పార్సిలు కట్టి, మోటారుసైకిలు మీద పాతపట్నం దాకా తీసుకెళ్ళి చూపించమను ఎవరినైనా.

ప్రస్తుతానికి నల్లడబ్బాకు 10 రూపాయలు విడిగా తీసుకుంటున్నాను, క్యారేజీ తెచ్చుకుంటే ఆ పది ఉండదు. పిల్లలు పది ఇచ్చేసి నల్లడబ్బాలే పట్టుకుపోతున్నారు. సొంత క్యారేజీతో వచ్చేవాడు ఒకడున్నాడు, రోజూ వస్తాడు, మాట్లాడకుండా పెట్టించుకుని పోతాడు. మొన్న పప్పు పోస్తూ గిన్నె పైకెత్తి అడుగు చూశాను. నా మెస్సు పేరే.

వాడికి ఆ పది రూపాయలు తగ్గించాలా వద్దా అన్నది మీ యూనివర్సిటీ రూల్సులో ఎక్కడైనా ఉందేమో కనుక్కుని చెప్పు. అలాగే డబ్బా మింగి టోకెన్ కక్కే ఆ యంత్రం ఒకటి ఇక్కడ పెడితే నాలుగు గిన్నెల క్యారేజీని మొత్తంగా మింగుతుందా, విడివిడిగా వెయ్యాలా? విడివిడిగా అయితే గిన్నెకో టోకెన్ ఇవ్వకుండా చూడమను. మా పిల్లలు మూత కూడా వేసి ఐదోది అడుగుతారు.

ఇట్లు,
పర్లాకిమిడి మెస్సువాడు