యార్క్ చుట్టూ సైకిల్ యాత్ర: పేరు నదికి, పని రైలు కట్టది

ఇంగ్లండ్‌లో సైకిల్ యాత్ర అనగానే చాలామందికి తట్టే బొమ్మ ఒకటే. పక్కన మెల్లగా పారే నది, పచ్చిక బయళ్లు, కాస్త దూరంలో కోటగోడ కట్టుకున్న పాత ఊరు. యార్క్ ఆ బొమ్మకు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ఊజ్ నది ఊరి నడిమధ్య నుంచి పారుతుంది. 3.4 కిలోమీటర్ల మధ్యయుగపు గోడ ఇప్పటికీ నిలిచి ఉంది. టూరిజం వాళ్ల ఫొటోల్లో ఎప్పుడూ ముందుండేవి ఈ రెండే. కానీ సామాన్ల సంచులు కట్టుకుని రోజుకు అరవై, డెబ్బై కిలోమీటర్లు తొక్కే మనిషికి యార్క్‌లో నిజంగా అక్కరకొచ్చేది మూడోది, ఫొటోల్లో పెద్దగా కనపడనిది. ఊరికి దక్షిణాన పడి ఉన్న పాత రైలు కట్ట.

దాని కథ కొంచెం విడ్డూరంగా ఉంటుంది. 1871 నుంచి లండన్, ఎడిన్‌బరో మధ్య పెద్ద రైళ్లన్నీ దక్షిణాన ఉన్న సెల్బీ పట్టణానికీ యార్క్‌కూ మధ్య ఈ కట్ట మీదుగానే పరుగెత్తాయి. తర్వాత సెల్బీ పరిసరాల్లో నేల కింద భారీగా బొగ్గు ఉందని తేలింది. బొగ్గు తవ్వితే పైన నేల కుంగుతుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో రైళ్లు పోయే లైను కింద అలాంటి పని కుదరదు కాబట్టి, గనులను వదులుకోలేక లైన్నే పక్కకు జరిపారు. 1983లో కొత్త మార్గం తెరుచుకుంది, పాతది ఖాళీ అయింది. దాన్ని సస్ట్రాన్స్ అనే స్వచ్ఛంద సంస్థ తీసుకుని సైకిల్ బాటగా మార్చింది. దేని కోసం రైలుమార్గాన్ని తప్పించారో ఆ గనులు 2004లోనే మూతపడ్డాయి. బాట మాత్రం ఇప్పటికీ ఉంది.

రైలు కట్ట మీద తొక్కడం ఎందుకు హాయిగా ఉంటుందో వేరే చెప్పాలా? ఆవిరి ఇంజను ఎత్తులు ఎక్కలేదు, గిరుక్కున తిరగలేదు. అందుకని ఆ ఇంజనీర్లు ముందే నేలను చదును చేసి, లోయలు పూడ్చి, నదికి వంతెన కట్టి పెట్టారు. బరువు మోసే సైకిల్‌కు కావలసింది కూడా సరిగ్గా అదే. ఇంత పనిని ఈ రోజు ఒక సైకిల్ బాట కోసం మొదటి నుంచి చేయాలంటే ఏ మునిసిపాలిటీ డబ్బు పెడుతుంది?

ఈ బాటకు ఇంకో తమాషా ఉంది. యార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు 1999లో దీని వెంట సౌరకుటుంబం నమూనా నిలబెట్టారు. యార్క్ వైపు సూర్యుడు, అడ్డంగా 2.4 మీటర్లు. అక్కడి నుంచి 260 మీటర్లు పోతే భూమి, పెద్ద గోళీకాయంత. అంగారకుడి దాకా గ్రహాలు చకచకా వచ్చేస్తాయి, మీరు సైకిల్ ఎక్కి సర్దుకునేలోపే. గురుగ్రహానికి కిలోమీటరు దాటాలి. ఆ తర్వాత ఎంత తొక్కినా ఏమీ రాదు. శూన్యం అంటే ఎంత శూన్యమో కాళ్లకు తెలుస్తుంది. దాదాపు పది కిలోమీటర్లకు, రిక్కాల్ అనే పల్లె దగ్గర ప్లూటో. 2006లో గ్రహం హోదా పోయినా దాన్ని ఇక్కడి నుంచి ఎవరూ పీకేయలేదు. ఈ కొలతలో వెలుగు సెకనుకు అర మీటరు కంటే కొంచెం ఎక్కువ దూరం పోతుంది. మామూలుగా తొక్కే మనిషి దానికి పదింతల వేగంతో పోతున్నట్టు లెక్క.

మధ్యలో నేబర్న్ దగ్గర పాత రైలు వంతెన మీద ఊజ్‌ను దాటుతాం. వంతెన పైన ఇనుప తీగలతో చేసిన జాలరి కూర్చుని ఉంటాడు. అతని గాలానికి చిక్కింది చేప అనుకుంటే పొరపాటు, ఆవిరి ఇంజను. పక్కన అతని సైకిల్. కుక్క ఒకటి ఆ సైకిల్ చక్రం మీద కాలెత్తి ఉంటుంది. సైక్లిస్టుల డబ్బుతో బతికే బాట మీద సైకిల్‌కే ఈ మర్యాద చేసిన శిల్పి హాస్యం నాకు నచ్చింది.

ఇప్పుడు నది సంగతి. ఉత్తరాన రాక్లిఫ్ మీదుగా బెనింగ్‌బరో హాల్ అనే పాత భవంతి దిశగా పోయే దారి చూడ్డానికి చాలా బాగుంటుంది. అందులో అనుమానం లేదు. వేసవిలో గడ్డి నడుము దాకా పెరుగుతుంది, ఆవులు దారికి అడ్డంగా పడుకుంటాయి. ఒడ్డున పసుప్పచ్చ పూలు పూసే టాన్సీ మొక్కల మీద ఆకుపచ్చగా లోహంలా మెరిసే బీటిల్ పురుగులు ఉంటాయి. బ్రిటన్‌లో వాటికి మిగిలిన ముఖ్యమైన చోటు ఈ నదీతీరమే. కాకపోతే ఈ పచ్చిక బయళ్లను అక్కడివాళ్లు ఇంగ్స్ అంటారు, అంటే నది పొంగితే మునగాల్సిన నేల. ఎగువన డేల్స్ అనే కొండల్లో గట్టి వాన పడితే ఒకటి రెండు రోజుల్లో ఆ నీళ్లు యార్క్ చేరతాయి. ఇంగ్స్ ఆ నీటిని పట్టి ఉంచితేనే దిగువన ఇళ్లకు ముప్పు తగ్గుతుంది. 2000 నవంబరులో ఊజ్ మామూలు మట్టం కంటే 5.4 మీటర్లు పైకి లేచింది. అంత కాకపోయినా, చలికాలంలో ఒడ్డున దారులు మునగడం అక్కడ వార్త కానే కాదు.

కొందరు అడుగుతుంటారు, దారిని ఎత్తు చేయొచ్చు కదా అని. చేయొచ్చు, కానీ అప్పుడది వరద మైదానంలో గట్టు అవుతుంది, నీళ్లు పోవాల్సిన చోటికి పోకుండా ఆపుతుంది. నదీతీరపు సైకిల్ దారి ఏడాదంతా పనిచేయదని ముందే ఒప్పుకోవాలి. ఒప్పుకుని పక్కనే పొడిగా ఉండే ఇంకో దారిని మొదటి రోజు నుంచే గుర్తించి, బోర్డులు పెట్టాలి. వరద వచ్చాక బారికేడ్ కట్టి ‘దారి మూసివేత’ అని రాయడం ప్లానింగ్ కాదు.

ఇంకాస్త ఎగువన ఆల్డ్‌వార్క్ దగ్గర ఒక ప్రైవేటు వంతెన ఉంది. 1772లో పార్లమెంటు చట్టంతో కట్టుకున్నది. ఇప్పటికీ కార్లు సుంకం కట్టి దాటాలి, సైకిల్‌కు ఉచితం. పశ్చిమ తీరాన మోర్‌కాంబ్ నుంచి తూర్పు తీరాన బ్రిడ్లింగ్టన్ దాకా పోయే 170 మైళ్ల సైకిల్ మార్గం ‘వే ఆఫ్ ద రోజెస్’ యాత్రికులు యార్క్‌కు చేరేది దీని మీదుగానే.

గోడ విషయానికి వద్దాం. రోమన్లు క్రీ.శ. 71 ప్రాంతంలో ఇక్కడ కోట కట్టారు. ఇప్పుడు మనం చూసే రాతి గోడ ఎక్కువగా 13, 14 శతాబ్దాలది. 1800 ప్రాంతంలో ఊరి పెద్దలే దాన్ని కూలగొట్టాలని చూశారు. చిత్రకారుడు విలియం ఎట్టీ లాంటివాళ్లు గట్టిగా అడ్డుపడటంతో చాలావరకు మిగిలింది. ఆ తర్వాత రైలు వచ్చింది, గోడలో కమానులు తొలిచి స్టేషన్‌ను లోపలికే తెచ్చారు. 1877లో మళ్లీ స్టేషన్ బయటికి పోయింది. తూర్పున ఒక చోట మాత్రం గోడ అసలే కట్టలేదు. ఫాస్ నదికి అడ్డుకట్ట వేయడంతో అక్కడ పెద్ద చిత్తడి ఏర్పడింది, శత్రువును ఆపడానికి ఆ బురదే చాలనుకున్నారు. ఇప్పుడక్కడ బురద లేదు, ట్రాఫిక్ ఉంది. దాటడం అప్పటికన్నా సులువని చెప్పలేను.

గోడ మీద సైకిల్ తొక్కనివ్వరు. అది సరైన నిర్ణయమే. పైన నడకదారి ఇరుకు, లోపలి వైపు చాలాచోట్ల పిట్టగోడ లేదు, ఎక్కడానికి ఎత్తైన మెట్లు. లోపలి పాదచారుల వీధుల్లో కూడా పగలు సైకిల్ దిగి నడిపించుకోవాల్సిందే. షాంబుల్స్ లాంటి సందులో రెండు చేతులు చాపితే రెండు వైపులా గోడలు అందుతాయేమో అనిపిస్తుంది, అక్కడ తొక్కుతానని పట్టుబట్టడం మూర్ఖత్వం. నా ఫిర్యాదు అది కాదు. పాత ద్వారాల దగ్గర కార్లు, బస్సులు, సైకిళ్లు అన్నీ ఒకే కూడలిలో ఇరుక్కుంటాయి. గోడ బయట చుట్టూ పోయే రింగు రోడ్డు మీద రెండు లేన్ల మధ్య బరువు సైకిల్‌తో నిలబడితే టెన్షన్ తప్పదు. ఇరవై కిలోమీటర్లు ప్రశాంతంగా తొక్కొచ్చిన మనిషికి చివరి కిలోమీటరే కష్టం.

దీనికి మందు లేదని కాదు. స్కార్‌బరో రైలు వంతెనను ఆనుకుని నది దాటే నడకదారికి ఒకప్పుడు మెట్లుండేవి, సైకిల్ భుజాన వేసుకోవాల్సి వచ్చేది. 2019లో వెడల్పు చేసి ర్యాంపులు కట్టారు. 2001 నాటి మిలీనియం వంతెన కూడా అలాంటిదే, కార్లు లేకుండా రెండు ఒడ్లను కలిపింది. సందర్శకుడు వాటికి ఫొటో తీయకపోవచ్చు. కానీ ఊరి వాళ్లు రోజూ వాడే ఈ ముక్కలే యాత్రికుడి దారిని కూడా అతికిస్తాయి.

యార్క్ ఒక్కదాని గొడవ కాదిది. 2018లో సస్ట్రాన్స్ తన 16,575 మైళ్ల జాతీయ సైకిల్ నెట్‌వర్క్‌ను తానే పరీక్షించుకుని, 46 శాతం బాగాలేదని చెప్పింది. దారి పొడవునా వేల కొద్దీ గేట్లు, అడ్డు స్తంభాలు. మోటారు బైకులను ఆపడానికి పెట్టినవి చేతులతో తిప్పి నడిపే సైకిళ్లను, ఇద్దరు కలిసి తొక్కే టాండెంలను, సంచులు కట్టిన బళ్లను ఆపేస్తున్నాయి. రెండేళ్ల తర్వాత నెట్‌వర్క్‌లో దాదాపు పావు వంతును తీసేయడమో, స్థాయి తగ్గించడమో చేశారు. మ్యాపు మీద గీత చిన్నదైంది, మిగిలిన గీతను కొంచెం నమ్మొచ్చు. నాకు అది నిజాయితీగానే కనిపించింది.

నేల ఎవరి చేతిలో ఉందన్నది ఎంత ముఖ్యమో ప్లూటో దగ్గర తెలుస్తుంది. రిక్కాల్ దాటాక పాత రైలు కట్ట సైకిళ్లకు దక్కలేదు. దాని మీద బైపాస్ వేశారు, ఏ19 రోడ్డు. అదే చదును, అదే తిన్నని దారి, ఇప్పుడు లారీలది. సెల్బీకి పోవాల్సిన సైకిల్ ఆ హోరు పక్కనే సాగుతుంది.